మర్యాద ఎక్కువైన గొంతు

లోకంలో తాగినవాళ్ళు బూతులు తిడతారు, తలుపులు తన్నుతారు, ఎప్పుడో పోయిన మేనత్తను తలుచుకుని వీధిలో కూర్చుని ఏడుస్తారు. మైకయ్యకు మాత్రం తాగితే మర్యాద ముంచుకొస్తుంది. రెండు గుక్కలు లోపలికి దిగాయంటే కట్టుకున్న పెళ్ళాన్ని కూడా 'మీరు' అంటాడు. తాగనప్పుడు "అన్నం పెట్టు" అని గోడకేసి చూస్తూ అనే మనిషి, తాగినప్పుడు "భోజనం సిద్ధమైతే దయచేసి తెలియజేయగలరు" అంటాడు. ఆ మాట వినపడగానే ఆవిడ గిన్నె మీద మూత తియ్యబోయి, మళ్ళీ దభీమని పెట్టేసేది.

బస్ స్టేషన్‌లో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పడం ఆయన ఉద్యోగం. కన్నతల్లి పెట్టిన పేరు జీతమిచ్చే ఆఫీసుకి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. చుట్టూ అద్దాలున్న చిన్న గది. అద్దానికి చిలక పట్టేంత కన్నం. మైకు మూతికి చేతిరుమాలు. కుర్చీ మీద మెత్తకు బదులు గాలి సగం పోయిన ట్యూబు. బొత్తాం నొక్కితే ఎర్రదీపం వెలిగేది. అది వెలిగిందంటే ఊరి చెవులన్నీ తనవేనని మైకయ్య నమ్మకం.

ఊరి చెవుల సంగతేమో గానీ, ఆవిడ చెవులు మాత్రం ఆయనవే. స్టేషన్ వెనక వీధిలో ఆవిడ ఇస్త్రీ కొట్టు. స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకరు మూతి సరిగ్గా ఆ కొట్టు వైపు తిరిగి ఉండేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మొగుడి గొంతు కిందనే ఆవిడ ఊళ్ళోవాళ్ళ చొక్కాలు ఇస్త్రీ చేసేది. పొద్దున్న మాటల చివర్లు మింగేస్తూ, ఎవరినో కసురుకుంటున్నట్టు పలికే గొంతు, మధ్యాహ్నం భోజనాలయ్యాక తేనెలా జారడం మొదలెట్టేది. "ప్రయాణికులందరికీ మా హృదయపూర్వక నమస్కారములు" అని వినపడేది.

"మీ ఆయన ఎంత చక్కగా మాట్లాడతాడో వదినా! మా ఆయనా ఉన్నాడు, నోరు తెరిస్తే కుక్కలు పారిపోతాయి" అనేది పక్కనే బొత్తాలూ దారాలూ అమ్మే ఆవిడ.

"నీది అదృష్టం, ఊరుకో" అని ఈవిడ కాలరు మీద ఇస్త్రీ పెట్టెను తొక్కి పట్టేది.

ఒకనాడు ఆ మర్యాద మరీ శ్రుతి మించింది. ఎన్నడో రద్దయిపోయిన బస్సొకటి, మైకయ్య పడుచుదనంలో రోజూ పిలిచిన బస్సు, ఆయనకు గుర్తొచ్చింది. ఎంతో ప్రేమగా దాన్ని ప్లాట్‌ఫారం మీదికి ఆహ్వానించాడు. దారిలో ఆగే ఊళ్ళన్నీ చదివాడు. "కిటికీ పక్కన కూర్చోగోరువారు త్వరపడగలరు" అని సలహా కూడా ఇచ్చాడు. అంత నమ్మకంగా చెబితే ఎవరు మాత్రం కాదనగలరు? మూటలు, సంచులు, ముసలమ్మలు, పిల్లలు అందరూ వచ్చి లేని బస్సు కోసం నిలబడ్డారు. ఒకాయన అప్పటికే రుమాలు వేసి సీటు ఆపుకోవడానికి కిటికీ ఎక్కడుంటుందో అంచనా వేస్తున్నాడు.

స్టేషన్ మేనేజరు మైకయ్యను అద్దాల గదిలోంచి చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాడు. "బాగై వస్తే కుర్చీ ఉంటుంది. ఇలాగే వస్తే ట్యూబు కూడా ఉండదు" అన్నాడు.

ముందు ఆస్పత్రిలో పడుకోబెట్టి వణుకు తగ్గేదాకా మందులిచ్చారు. ఆ తర్వాత ఎక్కడికి పంపాలన్న ప్రశ్నకు జవాబు బావమరిది జేబులో సిద్ధంగా ఉంది. నీళ్ళ ఫిల్టర్లు అమ్మే ఈ బావమరిది ఉచితంగా జరిగే ఏ తరగతినీ వదిలిపెట్టడు. నవ్వడం నేర్పితే నవ్వొచ్చాడు, ఏడవడం నేర్పితే ఏడ్చొచ్చాడు. ఇంకా ఏమైనా నేర్పుతారేమోనని ఎదురుచూస్తుండగా తాగుడు మాన్పించే ఈ కేంద్రం దొరికింది.

"బావా, ఇక్కడ మూడూ కలిపి చేస్తారు. ఆత్మకి ప్రార్థన, మనసుకి ధ్యానం, బుర్రకి కౌన్సిలింగ్!"

"మరి లివరుకి?"

"అది బయట డాక్టర్ చూస్తాడు బావా."

"అంటే నాలో కనపడేది అదొక్కటే. అది వీళ్ళు చూడరు. కనపడనివి మాత్రం మూడూ చూస్తారు."

ఆ కేంద్రం పూర్వాశ్రమంలో ఫర్నిచర్ షోరూము. గోడలకు లేతనీలం రంగు వేశారు, చెప్పులు బయటే విప్పించారు గానీ, గాజు తలుపు మీది పాత అక్షరాలను మాత్రం సరిగ్గా గీకలేదు. 'ఈ అవకాశం కొద్దికాలమే' అన్న మాట వెలిసిపోయి ఇంకా కనిపిస్తూనే ఉంది. మైకయ్య అది చదివి బావమరిది వైపు చూశాడు. బావమరిది అప్పటికే కళ్ళు మూసుకుని ఆ చోటి తరంగాలను పీల్చేస్తున్నాడు.

గేటు దగ్గర ఆవిడ ఒక్క మాటే చెప్పింది. "బాగయ్యావని వీళ్ళిచ్చే కాగితాలు నాకొద్దు. బంధువుల రోజున వస్తాను. నీ గొంతు వింటాను. బాగుంటే ఇంటికి తీసుకెళ్తాను. లేదంటే కొట్టు మూసేసి మా అక్క దగ్గరికి పోతాను. అక్కడైతే లౌడ్‌స్పీకరు లేదు."

అంది, వెనక్కి చూడకుండా వెళ్ళింది. ఆవిడ మలుపు తిరిగేదాకా మైకయ్య గేటు పట్టుకుని నిలబడ్డాడు.

కేంద్రాన్ని నడిపేది పెద్దాయన. మంద్రంగా నవ్వుతాడు, అందరినీ "ఆత్మబంధూ" అంటాడు. పొద్దున్నే హాల్లో అందరినీ కూర్చోబెట్టి ప్రార్థన చేయించి, ఉపన్యాసం ఇస్తాడు. "ప్రార్థన, ధ్యానం, సంభాషణ. ఇవి మూడు పాయలు. ఏ పాయ వదిలినా జడ ఊడిపోతుంది" అని తన తల నిమురుకుంటాడు. ఆ తల మీద వెంట్రుక మొలిచి ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలియదు.

"జడ వేసుకోవాలంటే ముందు జుట్టుండాలి కదండీ" అన్నాడు మైకయ్య వెనక వరసలోంచి. పక్క మంచం పళ్ళ డాక్టరు కిసుక్కున నవ్వాడు. నిద్రమాత్రలకు అలవాటు పడి వచ్చిన ఈ పళ్ళ డాక్టరు, నవ్విన ప్రతిసారీ తప్పు చేసినట్టు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

కౌన్సిలరుకి ఎప్పుడూ జలుబే. ముక్కు తుడుచుకుంటూ "తాగే ముందు ఏమనిపిస్తుంది?" అని అడుగుతాడు.

"తాగాలనిపిస్తుంది."

"దానికి ముందు?"

"ఇంకా తాగలేదే అనిపిస్తుంది."

కౌన్సిలరు తుమ్మి, "సరే, రేపు మళ్ళీ చూద్దాం" అనేవాడు. సొంత ముక్కు ఆపుకోలేనివాడు నా నోరు ఆపుతాడట, అని మైకయ్య పళ్ళ డాక్టరుతో చెప్పుకుని మురిసిపోయేవాడు.

మిగిలిన పాయ ఊపిరి మేడం. ధ్యానం నేర్పే ఈవిడ ఎంత మెల్లగా మాట్లాడుతుందంటే, ముందు వరస వాళ్ళు ఊపిరి పీల్చి వదిలేసినా వెనక వరసకి పీల్చమన్న కబురే చేరదు. వెనకవాళ్ళు పాపం గోడకి ఆనుకుని నిద్రపోయేవాళ్ళు. ఒకరోజు మైకయ్యకు ఒళ్ళు మండి, అద్దాల గదిలో ఉన్నట్టే గొంతెత్తాడు: "ప్రయాణికులకు గమనిక! ఊపిరి పీల్చుకోగోరువారు వెంటనే మొదటి వరసకి రావలసిందిగా కోరుతున్నాం. వెనక వరస సర్వీసు రద్దయింది!"

హాలంతా గొల్లుమంది. మేడం నవ్వలేదు. వజ్రం దొరికినట్టు ఆయన వైపు చూసింది.

"ఈ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడుంది?" అంది.

"బస్ స్టేషన్‌లో."

"మీరు నా మాటలు రికార్డు చెయ్యాలి. ఇక్కడున్న అందరూ మీ గొంతుతో ఊపిరి పీల్చాలి."

పెద్దాయన కూడా తల నిమురుకుని ఒప్పుకున్నాడు. అలా ఒక్క రోజు కూడా తిన్నగా ధ్యానం చెయ్యని మనిషిని ధ్యానం చెప్పడానికి ఎన్నుకున్నారు.

రికార్డింగు ఊళ్ళో ఒక స్టూడియోలో. గోడలకు పాత పరుపులు కొట్టిన గది. స్టూడియో యజమాని మైకయ్యకు పాత నేస్తం, స్టేషన్‌లో వినపడే సబ్బుల ప్రకటనలన్నీ ఇద్దరూ అక్కడే చేశారు. కాపలాగా బావమరిది, కాగితం పట్టుకుని ఊపిరి మేడం వెంట వెళ్ళారు.

మొదటిసారి చదివాడు. "కళ్ళు మూసుకోండి. ఊపిరి తీసుకోండి." కండక్టరు టిక్కెట్టు తీసుకోమన్నట్టు వచ్చింది. మేడం మొహం చిన్నబోయింది. రెండోసారి గొంతు వణికింది. మూడోసారి 'ప్రశాంతంగా' అన్న మాటను పళ్ళు కొరుకుతూ చదివాడు. తాగుడు మానిన గొంతు తారు వెయ్యని రోడ్డులా ఉంది. ఎక్కడ చూసినా రాళ్ళే.

"కాసేపు టీ తాగి వద్దాం" అంది మేడం, ఏడుపు ఆపుకుంటూ. బావమరిదిని తీసుకుని ఎదురుగా ఉన్న కొట్టుకి వెళ్ళింది.

"ఏంటన్నా, గొంతు ఇలా అయిపోయింది?" అన్నాడు స్టూడియో యజమాని నిజంగానే బాధపడుతూ. బల్ల సొరుగు లాగాడు. "పరువు పోతుందన్నా. నీదే కాదు, నాదీ. బయట బోర్డు మీద నా పేరుంది."

మూత తిరిగిన చప్పుడు. చిన్న చప్పుడే. పరుపుల గదిలో ఇంకే చప్పుడూ లేదు కాబట్టి అది గుండెల మీద గొళ్ళెం తీసినట్టు వినపడింది.

మేడం తిరిగొచ్చేసరికి మైకయ్య నోట్లో లవంగం ఉంది, మొహంలో వెన్నెల ఉంది. ఎర్రదీపం వెలిగింది. "ఆత్మీయులారా... మీ కనురెప్పలను మెల్లగా వాలనివ్వండి. మీ శ్వాసను దయచేసి గమనించండి. తొందరేమీ లేదు. మీకోసం అన్నీ ఆగి ఉన్నాయి..." మాట మాటకీ మధ్య అంత జాగా, అంత కారుణ్యం. పొడి అక్షరం ఒక్కటి లేదు. కాగితంలో లేని మాటలు కూడా కలిపాడు. మేడం కళ్ళు తుడుచుకుంది. బావమరిది కుర్చీలోనే మఠం వేసి లోకాంతరాలకు వెళ్ళిపోయాడు.

"చూశావా బావా, ధ్యానం చేసిన పని!" అన్నాడు తిరుగుదారిలో.

"తమరి దయ" అన్నాడు మైకయ్య. బావమరిది పొంగిపోయాడు గానీ, ఆ మర్యాద ఎక్కడిదని ఆలోచించలేదు. వాళ్ళక్క చెవులు వాడికి రాలేదు.

ఆ రికార్డింగు కేంద్రాన్ని ఊపేసింది. ఉపన్యాసానికి నిద్రపోయేవాళ్ళు దీనికి మేలుకున్నారు, రాత్రుళ్ళు మేలుకునేవాళ్ళు దీనికి నిద్రపోయారు. పళ్ళ డాక్టరు వెక్కి వెక్కి ఏడ్చాడు. "మా నాన్న కూడా నాతో ఇంత మెత్తగా మాట్లాడలేదండీ" అన్నాడు. పెద్దాయన ప్రార్థనకు ముందొకసారి, తర్వాతొకసారి అదే వేయించేవాడు. నోటీసు బోర్డు పక్కన మైకయ్య ఫోటో వెలిసింది. కింద 'మన ప్రశాంత స్వరం' అని రాశారు.

ఇక ప్రశాంత స్వరంగారి అవస్థ ఆ దేవుడికే ఎరుక. రోజూ పొద్దున్నే అందరితో కలిసి కళ్ళు మూసుకుని తన తాగిన గొంతు తనే వినాలి. మిగతావాళ్ళకి అందులో శాంతి వినపడేది. ఆయనకు మాత్రం ఆ నున్నటి మాటల వెనక మూత తిరిగిన చప్పుడు వినపడేది. నోట్లో నీళ్ళూరేవి. "దయచేసి గమనించండి" అనగానే నాలుక అంగిలిని తడిమేది. తాగుడు మానడానికి వచ్చిన చోట పొద్దున్నొక మోతాదు, సాయంత్రమొక మోతాదు చెవుల్లో పోస్తున్నారు. పోసేదీ తనే.

"అది మొదలవగానే మీరు మూతి తుడుచుకుంటారేం?" అని అడిగాడు కౌన్సిలరు ఒకరోజు.

"చెమటండీ."

"ఫ్యాను కిందా?"

"మీకు ఎండలో కూడా జలుబు లేదా?"

కౌన్సిలరు తుమ్మాడు. కానీ ఆ రోజు "రేపు చూద్దాం" అనలేదు. అలాగే చూస్తూ కూర్చున్నాడు. మైకయ్యే లేచొచ్చేశాడు.

బంధువుల రోజు వచ్చింది. కుర్చీలు వేశారు. భార్యలు, తండ్రులు, ఒకరిద్దరు పెద్దకొడుకులు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. ఆవిడ వచ్చింది. ఒళ్ళో ఇస్త్రీ చొక్కాల కట్ట, పైన కాగితం చుట్టి ఉంది. ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు మైకయ్య వేసుకోవడానికి తెచ్చిందని చూడగానే తెలుస్తోంది.

"అక్కా, ఇప్పుడు విను. బావ గొంతు విని నీ మతిపోతుంది!" అన్నాడు బావమరిది.

"అందరూ కళ్ళు మూసుకోండి" అన్నాడు పెద్దాయన. రికార్డింగు మొదలైంది. "ఆత్మీయులారా..."

గుమ్మడికాయల దొంగలా మైకయ్య భుజాలు తడుముకోలేదు గానీ, మూతి తుడుచుకున్నాడు. హాలంతా మెల్లగా ఊపిరి తీసి వదులుతోంది. ఆవిడ మాత్రం "మీ కనురెప్పలను" అన్న చోటే కళ్ళు తెరిచింది. ఆ తర్వాత చొక్కాల కట్ట మీది కాగితాన్ని గట్టిగా పట్టుకుంది. కాగితం చప్పుడైంది.

"ఆపండి" అంది లేచి నిలబడి. "ఈయన తాగి చెప్పాడు ఇది."

కళ్ళన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి.

"అమ్మా, తొందరపడకు" అన్నాడు పెద్దాయన నవ్వుతూ. "ఆ గొంతులో సమాధి స్థితి ఉంది. అందరికీ అందదు."

"నాకు పెళ్ళయినప్పట్నుంచీ అందుతోందండీ. ఆ గొంతులో ఉన్నది సమాధి కాదు, సీసా."

"అక్కా, పరువు తీయకు! నేనక్కడే ఉన్నాను. ఒట్టు. బావ ధ్యానంలోకి వెళ్ళడం నా కళ్ళతో చూశాను."

"నువ్వు కళ్ళు మూసుకుని చూసుంటావు. కూర్చో."

ఊపిరి మేడం తెల్లబోయింది. పళ్ళ డాక్టరు "లేదమ్మా, మాకందరికీ మేలు చేసింది" అని బతిమాలాడు. హాలంతా మైకయ్య పక్షమే. పెద్దాయన, బావమరిది, ఫోటో, ఫోటో కింద అక్షరాలు, అన్నీ ఆయన వైపు నిలబడ్డాయి. నోరు మూసుకుని వినయంగా తల వంచితే చాలు. ఆవిడదే తప్పని తేలిపోతుంది.

"వీళ్ళందర్నీ వదిలెయ్" అంది ఆవిడ. "నువ్వు చెప్పు."

మైకయ్య నోరు తెరిచాడు. అలవాటు చొప్పున నున్నటి గొంతే ముందుకొచ్చింది. "మీరు దయచేసి శాంతించి..."

ఆవిడ చొక్కాల కట్ట చంకలో పెట్టుకుని గుమ్మం వైపు తిరిగింది.

"ఆగవే!" అని అరిచాడు మైకయ్య. రాళ్ళన్నీ ఒక్కసారి దొర్లినట్టు వచ్చింది గొంతు. "తాగాను. అక్కడ. స్టూడియోలో. తాగకుండా గొంతు రాలేదు. పరువు పోతుందని... తాగాను, అంతే. ఆ పాడు టేపు ఆపండ్రా ముందు!"

ఎవరో ఆపారు.

ఆవిడ గుమ్మం దగ్గరే ఆగి, తల కాస్త పక్కకు వంచి విన్నది. కొట్టులో నిలబడి లౌడ్‌స్పీకరు విన్నట్టే. ఆ తర్వాత హాలు కకావికలైంది. అప్పటిదాకా వెనకేసుకొచ్చినవాళ్ళే మండిపడ్డారు. "ఇన్నాళ్ళూ తాగినోడు పీల్చమంటే పీల్చామా?" అని ఒకాయన ఛాతీ తుడుచుకున్నాడు, లోపలికెళ్ళిన గాలిని బయటికి తీసేలా. పళ్ళ డాక్టరు 'మా నాన్న కూడా' అన్న మాట వెనక్కి తీసుకున్నాడు. బావమరిది "మరి నాకొచ్చిన అనుభూతి?" అని అందరినీ అడుగుతూ తిరిగాడు. జవాబు చెప్పే తీరిక ఎవరికీ లేదు.

పెద్దాయన మాత్రం చలించలేదు. "తామర బురదలోనే పుడుతుంది ఆత్మబంధువులారా. బురదను చూడకండి, పువ్వును చూడండి" అని మర్నాటి నుంచి మళ్ళీ అదే రికార్డింగు వేయించాడు. దానికి అప్పటికే బయట మంచి పేరొచ్చింది మరి. జడలో ఒక పాయ సీసాదని తేలినా జడ మాత్రం విప్పడానికి వీల్లేదన్నమాట.

వెళ్ళే ముందు ఆవిడ చొక్కాల కట్ట మైకయ్య చేతిలో పెట్టింది. ఆయన ఆశగా చూశాడు.

"ఇంటికి కాదు. ఇక్కడే వేసుకో. ఇంకొన్నాళ్ళు ఉండు."

"మీ అక్క దగ్గరికి పోతావా?"

ఆవిడ కాగితం మడత సరిచేసింది. "చివర్న మాట్లాడింది నీ గొంతే. అది మళ్ళీ వినపడితే చూద్దాం" అంది.

మైకయ్య ఉండిపోయాడు. ఇంతకుముందు వెక్కిరించడానికి కూర్చున్న కుర్చీల్లోనే ఇప్పుడు కూర్చోవాల్సొచ్చింది. అదీ నోటీసు బోర్డు పక్కన తన ఫోటో పీకేసిన చోట గోడ రంగు ఊడి తెల్లగా కనిపిస్తుండగా. పెద్దాయన రికార్డింగు వేసినప్పుడల్లా లేచి బయటికెళ్ళి కౌన్సిలరు గది ముందు నిలబడేవాడు.

"ఎంత తాగారారోజు?" అని అడిగాడు కౌన్సిలరు.

"రెండు గుక్కలు."

"మీ గుక్కలా, మామూలువాళ్ళ గుక్కలా?"

మైకయ్యకు నవ్వొచ్చింది. చాలా రోజులకు వచ్చిన నవ్వు, దాని వెనకే ఇంకేదో కూడా వచ్చింది. మూత తిరిగే చప్పుడు గురించి చెప్పాడు. వానలో, బస్సు బ్రేకులో, నీళ్ళ ఫిల్టరు కుళాయిలో ఎక్కడ పడితే అక్కడ అది ఎలా వినపడుతుందో చెప్పాడు. పరువు పోతుందన్న భయమేసిన ప్రతిసారీ ముందు ఆ చప్పుడే వస్తుందని చెబుతూ చెబుతూ తనకే తెలిసింది. కౌన్సిలరు ముక్కు తుడుచుకోవడం మర్చిపోయి విన్నాడు. చూడ్డానికి అంత బాగోలేదు గానీ, విన్నాడు.

ప్రార్థన హాల్లో ఎవరూ లేనప్పుడు వెళ్ళి కూర్చునేవాడు. పెద్దాయన చెప్పే దేవుడి మీద మైకయ్యకు గురి కుదరలేదు. "ఎవడున్నా సరే, ఆ మూత చప్పుడు నా చెవిలోంచి తియ్యి. మిగతాది నేను చూసుకుంటా" అని కసురుకుంటూ అడిగేవాడు. అంత మొరటు ప్రార్థన ఆ షోరూములో అంతకుముందు ఎవరూ చేసి ఉండరు. ఎవడున్నాడో, విన్నాడో తెలియదు. కొన్ని రోజులు చప్పుడు తగ్గేది, కొన్ని రోజులు తగ్గేది కాదు.

ఊపిరి మేడం పట్టుబట్టి మళ్ళీ రికార్డు చేయించింది. ఈసారి స్టూడియోలో కాదు, వంటింటి పక్క స్టోరు గదిలో, గోనెసంచుల మధ్య. "కూర్చోండి. ఊపిరి తీయండి. వదలండి. మళ్ళీ. మనసు ఎటో పోయిందా? పోతుంది. తీసుకురండి. మళ్ళీ." అంతే. వెనక ఎవరో గిన్నె పడేసిన చప్పుడు కూడా ఉంది. విన్నవాళ్ళందరికీ బాకీ వసూలుకొచ్చినవాడు గుమ్మంలో నిలబడ్డట్టుంది. కేంద్రంలో అది ఎవరికీ నచ్చలేదు. మేడం మాత్రం ఒక ప్రతి బావమరిదికిచ్చి అక్కకి పంపింది.

ఆవిడ కొట్టులో, ఒక పెళ్ళివారి దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ విన్నది. మొత్తం విన్నది. గిన్నె పడిన చోట ఉలిక్కిపడింది. మర్నాడు కొట్టుకి తాళం వేసి కేంద్రానికి వెళ్ళింది.

ఇప్పుడు మైకయ్య మళ్ళీ అద్దాల గదిలో ఉంటున్నాడు. కౌన్సిలరు దగ్గరికి వారం వారం వెళ్ళొస్తాడు, వెళ్ళొచ్చి ఆయన జలుబు గురించి చెప్పి నవ్విస్తాడు. బొత్తాం నొక్కే ముందు ఒక ఊపిరి తీసి వదులుతాడు. ధ్యానమా అని బావమరిది అడిగితే "ఆయాసం" అంటాడు. ప్రయాణికులు మాత్రం సుఖంగా లేరు. "ఆ మైకులో మనిషి మమ్మల్ని తిడుతున్నాడండీ" అని మేనేజరుకి మొర పెట్టుకుంటారు. మేనేజరు ఒకసారి దారిలో ఇస్త్రీ కొట్టు దగ్గర ఆగి, "కాస్త మర్యాదగా మాట్లాడమని మీరైనా చెప్పండమ్మా" అన్నాడు.

"బాబ్బాబు, మీకు పుణ్యముంటుంది. అలాగే ఉండనివ్వండి" అంది ఆవిడ.

మొన్న మధ్యాహ్నం, భోజనాలయ్యాక, లౌడ్‌స్పీకరు గరగరమంది. "ప్రయాణికులు దయచేసి..." అని ఒక్క మాట వినపడింది. దయచేసి! గొంతు మెత్తగానే ఉంది. ఆ తర్వాత నిశ్శబ్దం.

ఇస్త్రీ పెట్టె గాల్లో ఆగిపోయింది. కింద చొక్కా, పైన ఇస్త్రీ పెట్టె, మధ్యలో ఆవిరి.

"ఎవర్రా ఇక్కడ నా ట్యూబు తీసింది!" అని లౌడ్‌స్పీకరు వీధంతా అదిరేట్టు అరిచింది. "మనిషన్నవాడు చెక్క మీద కూర్చుంటాడ్రా? ఆఁ... వస్తోంది, ఆ బస్సే, రెండో దాని మీదికి. ఎక్కండి. తోసుకోకండి!"

ఆవిడ పెట్టెను చొక్కా మీదికి దించింది.